రెండు పేర్ల పిల్ల

"పేరు బరువైందని నీకెవరు చెప్పారు? త్రాసులో వేసి తూచావా?"

వాసిస్ గొంతు వార్డంతా వినిపించింది. ఆరు మంచాల మీది పిల్లలూ, వాళ్ల తల్లులూ ఇటు తిరిగి చూశారు. అతను ఇబూ అని పిలిచే తల్లి సుమిరా మాత్రం తలెత్తలేదు. ఒళ్లో పెట్టుకున్న టిఫిన్ డబ్బా మూత తీస్తూ, మళ్లీ పెడుతూ కూర్చుంది. డబ్బాలో బెల్లం వేసిన ఎర్ర జావ ఉంది. మనవరాలికి ఇష్టమని తెల్లవారకముందే లేచి వండి తెచ్చింది. పిల్ల తినే స్థితిలో లేదని ఆవిడకీ తెలుసు.

"మాట్లాడవేం ఇబూ? సోలో ఊళ్లో సగం మంది పిల్లలకి పేర్లు మార్చి పెడతావు కదా! ఇప్పుడు నోరు పడిపోయిందా?"

"మెల్లగా, మాస్," అంది వెనింగ్ భర్త చెయ్యి పట్టుకుని. "పిల్ల లేస్తుంది."

"లేవనీ! నిన్నట్నుంచీ లేస్తుందా లేవదా అనే కదా చూస్తున్నాం."

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. ఆక్సిజన్ గొట్టం బుసబుసలాడుతోంది.

మంచం మీద ఐదేళ్ల పిల్ల. ముఖానికి ప్లాస్టిక్ ముసుగు. కనురెప్పలు ఇంకా వాచే ఉన్నాయి. నిన్న ఈ వేళకి గొంతు నొప్పని గునుస్తూ, నాయనమ్మ చెయ్యి పట్టుకుని, తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఈ ఆసుపత్రికే వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఇంజెక్షన్ చేశారు. చేసిన గంటకి ఇంట్లో పెదవులు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక నీలంగా మారిపోయింది. పెన్సిలిన్ జాతి మందు పడదని రెండో ఏటే తేలిన పిల్ల. అదే మందు మళ్లీ ఒంట్లోకి ఎక్కించారు.

"గండం గడిచినట్టే అనుకుందాం," అన్నాడు పొద్దున చూసిన డాక్టరు. అని ఊరుకోలేదు. "ఇంకొక్కసారి ఆ మందు చుక్క ఒంట్లోకి వెళ్లిందంటే మాత్రం నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు."

మంచం తలాపున వేలాడే అట్టముక్క మీద 'రహయు' అని రాసి ఉంది. నెలన్నర కిందటి దాకా ఈ పిల్ల పేరు కుసుమనింగ్రుమ్.

ఏడాదిలో పదకొండుసార్లు జ్వరం వచ్చింది ఆ కుసుమనింగ్రుమ్‌కి. పేరు బరువై పిల్ల మొయ్యలేకపోతోందని సుమిరా అంది. తమ ఊరి పద్ధతిలో ఏడు రోజుల వారాన్నీ, ఐదు రోజుల సంత వారాన్నీ కలిపి పుట్టిన వేళ లెక్క కట్టి, ఎర్ర జావా తెల్ల జావా వండి, ఇరుగుపొరుగుని పిలిచి, క్షేమం అనే అర్థం వచ్చేలా రహయు అని పెట్టింది. వాసిస్ ఆ రోజు నవ్వి ఊరుకున్నాడు. జావ రెండు గిన్నెలు తిన్నాడు కూడా. ఆ సంగతి ఇప్పుడు అతనికి గుర్తు లేదు, గుర్తు చేసే ధైర్యం ఇంకెవరికీ లేదు.

"డాక్టరు నిన్న అడిగాడా లేదా?" వాసిస్ మళ్లీ మొదలెట్టాడు. "పడని మందులేమైనా ఉన్నాయా అని అడిగాడా?"

"అడిగాడు," అంది సుమిరా. పొద్దుట్నుంచీ ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది.

"ఏం చెప్పావు?"

"రహయుకి ఏమీ లేవని చెప్పాను."

"చూశావా వెనింగ్! విన్నావా!"

"మార్చిన పేరుకి పాత రోగాలు అంటగట్టకూడదురా." ఆవిడ మనవరాలి దుప్పటి సరిచేసింది. "పాత పేరు ఎత్తితే పాత రోగం వెతుక్కుంటూ వస్తుంది. మా అమ్మ అలాగే చెప్పింది, వాళ్లమ్మా అలాగే..."

"వెతుక్కుంటూ వచ్చింది కదా! నువ్వు ఎత్తకపోయినా వచ్చింది!"

సుమిరా డబ్బా మూత గట్టిగా నొక్కింది. కళ్లు తుడుచుకోలేదు. చెంపల మీద నీళ్లు అలాగే కారుతున్నాయి.

వెనింగ్ అత్తగారి వంక చూడలేకపోయింది. నిన్న సాయంత్రం నుంచీ చూడలేకపోతోంది. కోపం వల్ల కాదు. భయం వల్ల. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేనిది.

ఈ ఆసుపత్రిలో కంప్యూటర్లు నడిపించే ప్రోగ్రాం రాసింది వెనింగే.

ఆరేళ్ల కిందట ఒంటి చేత్తో రాసింది. అప్పుడు ఏడో నెల. కడుపులో ఉన్నది ఈ పిల్లే. ఆసుపత్రి యజమాని నెలాఖరుకి ప్రారంభోత్సవం పెట్టుకున్నాడు. కాళ్లు వాచి, నడుం పట్టేసి, ఎలాగోలా కానిచ్చేస్తే చాలనుకుంది. జబ్బుపడ్డ మనిషికి ఒక టేబుల్, అంటే గళ్ల పట్టిక, రాకపోకలకి ఒక టేబుల్, పడని మందులకి ఇంకొకటి, అలా విడివిడిగా చెయ్యవలసింది. ఒకే ఒక పెద్ద టేబుల్‌తో సరిపెట్టింది. పిల్లాడో పిల్లో వచ్చిన ప్రతిసారీ అందులో ఒక కొత్త వరుస. ప్రతి వరుసలోనూ పేరు, పుట్టిన తేదీ, చిరునామా, రోగం, మందులు, పడనివి, అన్నీ మళ్లీ మళ్లీ రాయడమే.

"ఒక సంగతిని ఒక్క చోటే రాయండి," అనేవారు యోగ్యకర్తా కాలేజీలో నార్మలైజేషన్ పాఠం చెప్పిన మాస్టారు. "ఇంటి తాళంచెవి ఒకే మేకుకి తగిలించాలి. పది మేకులకి పది తాళంచెవులు తగిలించారనుకోండి, తాళం మార్చిన రోజున ఒకటి మారుస్తారు, తొమ్మిది మరిచిపోతారు." ఆ పాఠంలో క్లాసు మొత్తానికీ ఎక్కువ మార్కులు వెనింగ్‌కే వచ్చాయి.

ప్రసవమయ్యాక విడగొడదాం అనుకుంది. ప్రసవమయ్యాక పిల్ల వచ్చింది, పిల్లతో పాటు జ్వరాలొచ్చాయి. ఇక ఆ పని రేపు రేపంటూనే ఆరేళ్లు గడిచాయి.

కార్డు నంబరు అడిగితే జనం కార్డు ఇంట్లో మరిచామంటారు. అందుకని పేరూ పుట్టిన తేదీ కొడితే పాత వరుసలన్నీ తెర మీదికొచ్చేలా రాసింది. వాటిలో ఏ ఒక్క దాంట్లో పడని మందు రాసి ఉన్నా ఎర్రగా మెరిసి హెచ్చరిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. నెలన్నర కిందట సుమిరా వచ్చి పేరు మార్చమంది. కింద కౌంటర్లో కూర్చునే తుతిక్ అన్నిటికన్నా పైన కనబడ్డ వరుసలో పేరు మార్చేసి, అయిపోయిందమ్మా అని పంపించింది. అది దగ్గుకి వచ్చిన నాటి వరుస. పడని మందు సంగతి రాసి ఉన్నది మూడేళ్ల కిందటి వరుసలో. అది కుసుమనింగ్రుమ్ దగ్గరే ఉండిపోయింది.

నిన్న డాక్టరు రహయు అని కొట్టగానే తెర తెల్లగా, నిర్మలంగా కనిపించి ఉంటుంది.

తుతిక్ తప్పు లేదు. మార్చడానికి మీట ఉంది, నొక్కింది. ఆ మీట పెట్టింది వెనింగ్. నిన్న అడ్మిషన్ రాయిస్తూ ఆ తెర చూసినప్పుడే ఆమెకి అంతా అర్థమైపోయింది. అప్పట్నుంచీ అందరూ అత్తగారిని తిడుతున్నారు. ఆమె నోరు మెదపకుండా వింటోంది.

పక్క మంచం దగ్గర నుంచి పార్మి లేచి వచ్చింది. చేతిలో వేడి టీ గ్లాసు. బతిక్ గుడ్డలకి మైనం పూసే పని ఆమెది. గోళ్ల చుట్టూ ఆ గోధుమరంగు మరక ఎప్పటికీ పోదు.

"తాగండి బు సుమిరా, నిన్నట్నుంచీ ఏమీ తాగలేదు," అంది. తర్వాత వాసిస్ వైపు తిరిగింది. "అమ్మని అలా అనకండి పాక్. మా వాడికీ పేరు ఈవిడే మార్చింది. పోయిన నెలలోనే. సబర్ అని పెట్టాక మూర్ఛలు పోయాయి. ఈ జ్వరమంటే వీధంతా ఉంది, ఎవరికి రాలేదని!"

వాసిస్ నవ్వాడు. చూడ్డానికి బాగాలేని నవ్వు అది. "మీ వాడి వంతు ఇంకా రాలేదులే, పార్మి అక్కా."

పార్మి ముఖం మాడిపోయింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు పాక్," అని, టీ గ్లాసు సుమిరా పక్కన పెట్టి, ప్రార్థనకి వేళవుతోందంటూ బయటికి వెళ్లిపోయింది. మంచం మీద నాలుగేళ్ల సబర్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"తప్పురా," అంది సుమిరా నెమ్మదిగా. "రోగంతో ఉన్న పిల్లాడి మీద అలాంటి మాటా అనేది!"

"తప్పొప్పులు నువ్వు చెప్పకు." వాసిస్ లేచి నిలబడ్డాడు. "నేను కిందికి వెళ్తున్నా. నా కూతురి పేరు కుసుమనింగ్రుమ్. ఈ క్షణం నుంచీ మళ్లీ అదే."

"వద్దురా!" సుమిరా కూడా లేచింది. "రోగం మధ్యలో పేరు మారిస్తే పిల్ల ఎటూ కాకుండా పోతుంది. ఇంటికెళ్లాక నీ ఇష్టం, ఇప్పుడు మాత్రం వద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"మార్చకు, మాస్." ఆ మాట వెనింగ్ నోటి నుంచి ఎంత గట్టిగా వచ్చిందంటే అత్తా భర్తా ఇద్దరూ ఆమె వంక చూశారు.

"నువ్వు కూడానా?" అన్నాడు వాసిస్. "చదువుకున్నదానివి. నువ్వు కూడా అమ్మ పక్షమేనా?"

"అది కాదు..."

"మరేది? చెప్పు."

కౌంటర్లో పేరు మార్చకూడదని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే నిన్నటి సంగతీ చెప్పాలి. కూతురి ఊపిరి ఆపింది నేను రాసిన టేబుల్ అని కట్టుకున్నవాడి ముఖం మీద చెప్పాలి. వెనింగ్ మంచం వైపు తిరిగింది.

"ఇప్పుడెందుకని," అని మాత్రం అంది.

వాసిస్ చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అత్తాకోడళ్లు మంచానికి చెరో పక్కా కూర్చున్నారు. పిల్ల ముసుగులోంచే "ఉతీ" అని గొణిగింది. నాయనమ్మని అలాగే పిలుస్తుంది. సుమిరా వంగి నుదురు నిమిరింది. "ఇక్కడే ఉన్నానే గెందుక్, నా చిట్టితల్లీ. ఎక్కడికీ పోలేదు."

వెనింగ్ గోడ గడియారం వంక చూసింది. రెండుకి పది నిమిషాలు. మనసులో లెక్క కట్టుకుంది.

రహయు పేరు మీద ఇప్పుడు మూడు వరుసలున్నాయి. పాత దగ్గు ఒకటి. నిన్నటి ఓపీ రెండోది, అందులో రోజూ మధ్యాహ్నం రెండింటికి ఒకటి చొప్పున మూడు రోజులు ఇంజెక్షన్ చెయ్యమని ఉంది. మూడోది నిన్న రాత్రి అడ్మిషన్. ఆ ఇంజెక్షన్ ఆపెయ్యమనీ, ఒంటికి పడదనీ ఉన్నది ఆ ఒక్క వరుసలోనే. తుతిక్ ఎప్పుడూ పై వరుసే మారుస్తుంది. ఇప్పుడు పైన ఉన్నది అడ్మిషన్ వరుస. అది కుసుమనింగ్రుమ్ అయిపోతే రహయు దగ్గర మిగిలేది చెయ్యమన్న మాటే. ఆపమన్న మాట ఉండదు. అట్టముక్క మీద రాసి ఉన్నది రహయు అనే.

లేచి పరుగెత్తాలనుకుంది. పిల్లని వదిలి వెళ్లలేకపోయింది. వెళ్లాలా, ఉండాలా అని తేల్చుకోలేక, గోడకున్న ఫోను సంగతి కూడా గుర్తు రాక, మంచం ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

రెండైంది. డ్యూటీ మారింది. కొత్త నర్సు ట్రే పట్టుకుని లోపలికి వచ్చింది. పై అంతస్తు నుంచి ఈ పూటకే పంపిన అమ్మాయట, ఎవరి ముఖమూ తెలియదు. చేతిలో అప్పుడే అచ్చు తీసిన కాగితం. మొదటి మంచం దగ్గర ఆగి, అట్టముక్క చదివి, కాగితంతో సరిచూసుకుంది.

"రహయు," అంది. "రెండు గంటల ఇంజెక్షన్."

సిరంజి ఎత్తి గాలి తీసింది.

వెనింగ్ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే నర్సు కెవ్వుమంది.

"వదలండి బు! ఏమిటిది?"

"చెయ్యొద్దు. ఈ మందుతోనే నిన్న పోబోయింది."

"కాగితంలో ఉంది బు! చూడండి. పడదని ఎక్కడా లేదు."

కాగితంలో నిజంగానే లేదు. ఎర్ర అక్షరం ఒక్కటి కూడా లేదు. వెనింగ్ ఆ సిరంజి తీసుకుని ట్రేలో పడేసింది. అది రెండుసార్లు దొర్లింది. సుమిరా పిల్ల మీద అడ్డంగా వంగి, రెండు చేతులతో కప్పేసింది. కౌంటర్లో పేరు మార్పించి అప్పుడే తిరిగొచ్చిన వాసిస్ గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏం జరిగింది?"

నర్సు రుసరుసలాడుతూ కాగితం మడిచింది. "మీ పిల్ల, మీ ఇష్టం. డాక్టరుకి చెప్తాను." ట్రేలోంచి రెండో సిరంజి తీసుకుని పక్క మంచం వైపు తిరిగింది. అట్టముక్క చదివింది. "సబర్."

పోయిన నెలలోనే పేరు మారిన పిల్లాడు. పార్మి ఎక్కడ? ప్రార్థన గదిలో ఉంది.

"ఆగు!" వెనింగ్ ఆ రెండు మంచాల మధ్యకి వచ్చి నిలబడింది. "వాడికీ వద్దు. రెండు నిమిషాలు ఆగు. ఇబూ! సబర్ పాత పేరేమిటి?"

సుమిరా తల అడ్డంగా ఊపింది.

"మీరే కదా మార్చింది! మీకు తెలుసు. చెప్పండి."

"ఆ పేరు నోట రానివ్వకూడదు, అమ్మాయ్. మన పిల్లకి అయింది చాలదా? ఊరి పిల్లల ఉసురు కూడా నా మెడకేనా?"

"చెప్పకపోతేనే ఉసురు!"

"వీడు అన్న మాటలు విన్నావుగా." సుమిరా కొడుకు వంక చూసింది. "నా నోటి వల్లే ఇదంతా వచ్చింది. ఇంక నేను నోరు తెరవను."

వెనింగ్ అత్తగారి ముందు నేల మీద కూర్చుంది. ఆవిడ చల్లటి చేతులు రెండూ పట్టుకుంది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదని అనిపించింది. దాచాలన్న కోరిక కూడా మిగల్లేదు.

"మీ నోటి వల్ల రాలేదు, ఇబూ. మీరు చెప్పకపోయినా నా మిషను చెప్పాలి. దాన్ని పెట్టిందే అందుకు. ఇంట్లోవాళ్లు మరిచిపోతారని, భయపడతారని, చెప్పరనే పెట్టింది. అది చెప్పలేదు. ఎందుకంటే నేను దాన్ని తప్పుగా రాశాను. పేరు ఒక్క చోట రాయాల్సింది, వంద చోట్ల రాశాను. మీరు పేరు మారిస్తే ఒక్క చోట మారింది. మన పిల్ల దాంట్లో ఇద్దరు పిల్లలైపోయింది. ఒకరి దగ్గర పేరుంది, ఇంకొకరి దగ్గర జబ్బుంది. నిన్ననే నాకు తెలుసు. వీళ్లంతా మిమ్మల్ని తిడుతుంటే చూస్తూ కూర్చున్నాను."

వాసిస్ గుమ్మంలోంచి కదల్లేదు. తిట్టినా బాగుండేది.

సుమిరా కోడలి ముఖం చూసింది. కోపగించుకోలేదు, ఓదార్చనూ లేదు. కళ్లు మూసుకుని, పెదవులతో ఏదో చిన్న ప్రార్థన చెప్పుకుంది. తర్వాత, వినీ వినపడనట్టు అంది.

"సత్రియో జగద్."

వెనింగ్ గోడకున్న ఫోను అందుకుని కౌంటరుకి కలిపింది. "తుతిక్, వెనింగ్‌ని. సత్రియో జగద్ అని కొట్టు. పార్మి కొడుకు, నాలుగేళ్లు."

"ఒక్క నిమిషం ఎంబక్... వచ్చింది. అయ్యో, దేవుడా!"

"ఎర్రగా ఉందా?"

"ఎర్రగా ఉంది ఎంబక్. ఇదే మందు. రెండేళ్ల కిందట."

నర్సు చేతిలోని సిరంజిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసింది. ట్రేలో పెట్టేసి, వెనక్కి రెండడుగులు వేసి, డాక్టరు కోసం పరుగెత్తింది. సబర్ నిద్రలో పక్కకి ఒత్తిగిల్లాడు. వాడికి ఏమీ తెలియదు.

"ఇబూ," వెనింగ్ గొంతు ఇప్పుడు గుసగుసలా ఉంది. "మొత్తం ఎంతమందికి మార్చారు?"

"ముప్ఫయ్యో, నలభయ్యో. పోయిన సంవత్సరం నుంచీ ఈ జ్వరాలకి ఎంతమంది వచ్చారో."

"రాసి పెట్టుకున్నారా?"

"రాస్తారటమ్మా! పాత పేరు కాగితం మీద ఉంటే పోయినట్టా?" సుమిరా నుదురు తాకి చూపించింది. "ఇక్కడే ఉన్నాయి."

తన టేబుల్‌లో లేనిది ఇదేనని వెనింగ్‌కి తెలిసింది. ఏ పాత పేరు ఏ కొత్త పేరయిందో కలిపి చూపించే చోటు ఈ ఊరు మొత్తానికీ ఒక్కటే ఉంది. అరవై ఎనిమిదేళ్లది, రాత్రంతా నిద్రలేనిది, ఏడ్చి ఏడ్చి అలిసిపోయినది.

"చెప్పండి ఇబూ. వీధి వీధీ తలుచుకుంటూ చెప్పండి. తుతిక్, ఫోను పెట్టెయ్యకు. నేను పాతదీ కొత్తదీ చెప్తాను. రెండూ కొట్టు. పాతదాంట్లో ఎరుపుంటే కొత్తదాంట్లో ఇవాళ మందు రాశారేమో చూడు."

సుమిరా మొదలెట్టింది. ప్రతి పాత పేరుకీ ముందు పెదవులు బిగిసేవి, తర్వాత విడేవి. ఒక్కొక్క పేరు చెప్పాక ఎడమ చేత్తో చీరకొంగులాంటి తన శాలువా అంచు ముడివేసింది. మొదటిది, ఎరుపు లేదు. రెండోది లేదు. మూడోదాంట్లో ఉంది గాని పిల్లాడు ఈ మధ్య ఆసుపత్రికే రాలేదు. నాలుగు, ఐదు, ఏమీ లేవు.

"ఆరోది, రంగులు ఉడకబెట్టే పెరటి వెనకాల ఇల్లు," అంది సుమిరా. "రత్న మహేశ్వరి. ఇప్పుడు ముర్ని. మూడేళ్ల పిల్ల."

వెనింగ్ ఫోన్లోకి చెప్పింది. మీటల చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఆగింది.

"తుతిక్?"

"ఎరుపుంది ఎంబక్." తుతిక్ ఏడుపు గొంతుతో అంది. "ముర్ని ఇవాళ వచ్చింది. ఒకటీ ఇరవైకి ఇంజెక్షన్ చేశారు. అరగంట ఉంచి ఇంటికి పంపేశారు. ఫోను నంబరు రాయలేదు."

గడియారంలో రెండూ పది. రహయుకి ఇంజెక్షన్ చేసిన గంటకి మొదలైంది. వెనింగ్ లెక్క కట్టింది, మళ్లీ కట్టింది. పది నిమిషాలే ఉన్నాయి.

"ఆ సందులో ఇళ్లకి నంబర్లుండవు," అంది సుమిరా. "నాకు తెలుసు. జావ తీసుకుని వెళ్లాను."

వాసిస్ జేబులోంచి మోటారుసైకిల్ తాళంచెవి తీశాడు. పొద్దుట్నుంచీ తిట్టిన తల్లి చెప్పులు వెతికి ఆవిడ కాళ్ల ముందు పెట్టాడు.

"రా ఇబూ. దారి చూపించు, పిల్లని తీసుకొచ్చేద్దాం."

ఆవిడ మనవరాలి నుదుటి మీద చెయ్యి పెట్టి తీసింది. కొడుకు భుజం పట్టుకుని మెట్ల వైపు గబగబా నడిచింది. శాలువా అంచున ఆరు ముడులు ఊగుతున్నాయి. కింద మోటారుసైకిల్ స్టార్ట్ అయిన చప్పుడు కిటికీలోంచి వినిపించింది, మలుపు తిరిగాక వినిపించలేదు.

వెనింగ్ ఒక చేత్తో కూతురి చెయ్యి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నిలబడింది. అవతల తుతిక్ ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుంది.

"చెప్పండి ఎంబక్. ఏడో పేరు?"